ఖడ్గవిద్యలో నొక తెలుగింటి యాడుబిడ్డ

జపాను దేశపు వనిత ఎమురా మిసాకి 2022వ సంవత్సరమున ఈజిప్టు రాజధానియగు కైరో నగరమున జరిగిన ప్రపంచ ఖడ్గక్రీడా పోటీలలో ప్రథమస్థానము నందెను. ఈ విద్యలో వ్యక్తిగతముగా ప్రపంచవిజేత యనిపించుకొన్న మొదటి జపాను స్త్రీ యామెయే. మఱుసటి యేడు జూను మాసమున చైనాలోని ఊషీ నగరమున ఆసియాఖండపు పోటీలు జరిగినవి. ఎనిమిదిమంది మాత్రమే మిగిలిన దశలో ఆ ప్రపంచవిజేతను 15 దెబ్బలకు 10 దెబ్బల లెక్కన నోడించినది మన తెలుగుకుటుంబమున బుట్టిన యొక యువతి. అంతకుముందు వారిద్దరును తలపడిన ప్రతిసారియు జపాను వనితయే గెలిచియుండెను.

ఆ యువతి పేరు చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీదేవి. తండ్రి తూర్పుగోదావరి సీమలోని సామర్లకోట వాస్తవ్యుడు. చెన్నపట్టణము చేరి అచ్చట దేవాలయార్చకత్వముతో సంసారము నడపెను. తల్లి రమణిగారు గృహిణి. ఐదుగురు సంతానములో కడగొట్టు బిడ్డగా భవాని 1993 ఆగష్టు 27వ తేదీన చెన్నపట్టణమున జన్మించినది.

కత్తి యనగానే మనలో పెక్కురకు వంటింటి కత్తిపీటయే తలపునకు వచ్చును. అయినను మన దక్కను భూమికి ఖడ్గధారిణియగు స్త్రీ క్రొత్తది కాదు. 13వ శతాబ్దమున ఓరుగల్లు నేలిన రుద్రమదేవిని తెలుగువారెవరు మఱచిరి? 1595–96 సంవత్సరములలో మొగలుసేనలు ముట్టడించినపుడు అహమ్మదునగరపు కోటను నిలువబెట్టిన చాంద్ బీబీ పేరును ఈ ప్రాంతపు ముదుసళ్లు నేటికి నెఱుగుదురు. బొంబాయి బాటమీద నున్న మా జహీరాబాదునకు ఒకరి కోట తూర్పున, రెండవవారి కోట పడమట. కాని వారిరువురును రాచబిడ్డలు. వారికి గుఱ్ఱములును, గురువులును, ఆయుధశాలలును పుట్టుకతోనే సమకూడినవి. అర్చకుని యింట, ఐదుగురు పిల్లల నడుమ బుట్టిన బాలిక కత్తి పట్టుట వేఱు కథ. ఆ కథయందు కత్తికెంత పాలు గలదో, తల్లి నగలపెట్టెకు నంత పాలు గలదు. అందుచేతనే గృహిణులు చదువు నీ పుటలలో దానిని వ్రాయ సాహసించితిని.

ముందుగా ఆట స్వరూపమును గూర్చి కొంత చెప్పవలెను. దీనిని ఇంగ్లీషువారు ఫెన్సింగు అందురు. ఇందు ఫాయిలు, ఎపే, సేబరు అని మూడు విధములగు కత్తులు గలవు. మొదటి రెంటితో మొన గ్రుచ్చినగాని దెబ్బ లెక్కకు రాదు. సేబరు పూర్వపు గుఱ్ఱపురౌతుల కత్తి వంశమునకు జెందినది. మొనతో పొడువవచ్చును, అంచుతో కొట్టవచ్చును. నడుమునకు పైభాగమంతయు, తలయు బాహువులును గూడ, గురియే. దాని బరువు 500 గ్రాములకు లోపుగా నుండవలెను. పిడితో గూడ పొడవు 105 సెంటీమీటర్లకు మించరాదు. నిండుచెంబు నెత్తగల చేయి దీని నెత్తలేకపోదు. భవానీదేవి పట్టినదియు, ఎమురా పట్టినదియు ఈ సేబరే.

పోటీ జరుగు బాట 14 మీటర్ల పొడవును, మీటరున్నర మొదలు రెండు మీటర్ల వఱకు వెడల్పును గలిగియుండును. మన యిండ్లలోని పొడవైన నడవ వంటిదని యూహించుకొనవచ్చును. ప్రత్యర్థు లిరువురును నడిమిగీతకు చెఱి రెండు మీటర్ల దూరమున నిలుతురు. న్యాయనిర్ణేత ఫ్రెంచిభాషలో సిద్ధమా యని యడిగి, 'అలే' యనును. ఆ మాట గాలిలో నుండగనే పని ముగియును. లోహపుదారముతో నేసిన పైకోటుపై కత్తి సోకినంతనే విద్యుత్తు ప్రసరించి దీపము వెలుగును. చూచువారికి రెండు తెల్లని యాకారములు ముందుకురికినట్లును, దీపము వెలిగినట్లును మాత్రమే కానవచ్చును.

ఇరువురి దీపములును ఒక్కసారి వెలిగిన నేమి గతి? అపుడు ముందుగా దాడికి దిగినవారికే దెబ్బ చెల్లును. ఎదుటివారు ఆ దాడిని తమ కత్తితో తప్పించి, పిమ్మట తిరిగి కొట్టినగాని వారి దెబ్బ చెల్లదు. పచ్చీసులో వంతు రానివారు వేసిన పందెము చెల్లనట్లే యిదియును. కనుక సేబరులో బలముకన్న ముఖ్యమైనది అడుగు. ఎదుటి మనిషి యేమి చేయనున్నదో ఆమె పాదమును బట్టి గ్రహించుట. మొదటి దశలో ఐదు దెబ్బలకును, తరువాతి దశలలో 15 దెబ్బలకును పోటీ సాగును. ఎవరైన 8 దెబ్బలకు చేరినపుడు ఒక్క నిమిషము విశ్రాంతి యిత్తురు.

దెబ్బ తగిలిన ప్రాణమునకు ముప్పు లేదా యని తల్లులు మొదట నడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. 1982లో రోము నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో సోవియట్టు దేశపు ప్రసిద్ధుడు వ్లాదిమీర్ స్మిర్నోవ్ ప్రత్యర్థి కత్తి విరిగి, ఆ విరుగుడు ముఖకవచమును చీల్చుకొని పోగా, కొన్ని దినములకు మరణించెను. ఆ మరణము పిమ్మటనే నియమములన్నియు తిరిగి వ్రాయబడినవి. నేడు అంతర్జాతీయ పోటీలలో తొడుగు బట్ట 800 న్యూటన్ల తాకిడికి ఓర్వవలెను. కత్తులకు వాడు ఉక్కు మాఱినది, ముఖకవచములు దృఢతరములైనవి. ఇప్పుడు చేతులపై కమిలిన గుర్తులు పడుట, చీలమండ బెణకుట, నడుమునొప్పి వచ్చుట, ఇవియే సామాన్యముగా నెదురగు బాధలు.

స్త్రీల కీ క్రీడలో ద్వారములు తెఱచుకొన్న తీరు కూడ తెలిసికొనదగినది. 1896లో ఒలింపిక్సు ప్రారంభమైన నాటినుండి పురుషులు సేబరు ఆడుచునే యున్నారు. స్త్రీలకు 1924లో పారిసున ఫాయిలు మాత్రము అనుమతించిరి. ఎపే 1996 అట్లాంటా క్రీడలలో వచ్చినది. సేబరు 2004 ఏథెన్సు క్రీడలవఱకు రానేలేదు. అనగా పురుషులకు 108 సంవత్సరముల వెనుక! కోయు కత్తి స్త్రీల చేతికి తగదని పెద్దమనుష్యులు తలచిరి కాబోలు. కూరలు కోయునపుడు మాత్రము వారికీ సందేహము కలిగినట్లు లేదు.

ఆ 2004వ సంవత్సరముననే చెన్నపట్టణమున మురుగ ధనుష్కోడి బాలికల పాఠశాలలో ఆరవ తరగతి చదువుచున్న భవాని ఆటలలో చేరబోయినది. తక్కిన యాటలలో స్థానము లన్నియు నిండిపోయి, ఫెన్సింగు ఒక్కటియే మిగిలినది. అది ఎట్టిదో ఆ పిల్ల కప్పటికి తెలియదు. ఇది మిక్కిలి వ్యయముతో గూడిన యాట యనియు, నీ తండ్రి యేటి యాదాయమెంత యనియు పాఠశాలవా రడుగగా, ఆమె ఉన్నదానికన్న నెక్కువ చేసి చెప్పినది. పదియేండ్ల పిల్ల చెప్పిన యీ యబద్ధమును పెద్దలు మన్నింతురు గాక.

కత్తు లన్నియు విదేశములనుండి రావలసినవే. విరిగిన మఱియొకటి కొనుట సులభము కాదు. కావున పిల్లలు వెదురుకఱ్ఱలతో అభ్యసించి, అసలు కత్తిని పోటీదినమున మాత్రమే చేతబట్టెడివారు. తెల్లవాఱకముందు లేచి అభ్యాసమునకు బోవుట, అచ్చటినుండి బడికి బోవుట, సాయంకాలము మఱల అభ్యాసమునకు బోవుట ఆమె నిత్యకృత్యము. పిల్ల తెల్లవాఱకముందు లేవవలెనన్న, తల్లి అంతకుముందే లేవవలెను గదా! ఈ లెక్క పతకముల పట్టికలో నెక్కడను కానరాదు.

పదునాలుగవ యేట టర్కీదేశమున ఆమె మొదటి విదేశపు పోటీకి వెళ్లినది. పిలిచినవేళకు మూడు నిమిషము లాలస్యముగా చేరినందున న్యాయనిర్ణేత నల్లచీటీ చూపి పోటీనుండి తొలగించెను. ఈ క్రీడలో అంతకుమించిన శిక్ష లేదు. అప్పు చేసి సముద్రములు దాటి వెళ్లిన పిల్ల ఒక్క దెబ్బయైన కొట్టకయే తిరిగివచ్చినది. ఆ యింట ఆ దినముల మాటలెట్లుండెనో గృహిణులు తామే యూహింపగలరు.

పదవ తరగతి ముగిసిన పిమ్మట ఆమె కేరళదేశమున తలశ్శేరిలోని ప్రభుత్వ క్రీడాశిక్షణ కేంద్రమున చేరెను. అచ్చట సాగర్ లాగూ అను శిక్షకుడు ఆమెను తీర్చిదిద్దెను. ఇంటికి దూరముగా, పరభాష నడుమ, హాస్టలు తిండి తినుచు ఆడుపిల్ల సంవత్సరములు గడపుట నేడును మన బంధువర్గమున చర్చనీయాంశమే. నాడు అర్చకుని యింట నదెంత చర్చయై యుండునో! కాని ఆ తలిదండ్రులు పంపిరి.

ఇప్పుడు నగల మాట. మన యిండ్లలో తల్లి మెడలోని బంగారమున కొక మార్గము ముందుగనే నిర్ణయింపబడియుండును. అది కూతు పెండ్లికి, లేక ప్రాణాపాయముతో గూడిన జబ్బునకు. రమణిగారు తన నగలు తాకట్టు పెట్టి కుమార్తెకు కత్తులును, విమానపు చీట్లును కొనిరి. అదియు చాలక అప్పులు తెచ్చిరి. ధనసాయము చేయగలవారి వాకిళ్ల చుట్టు తిరిగిరి. ఫెన్సింగు అన నేమో తెలియని పెద్దలకు ఆ యాటను వివరించి, నా కూతు రిందులో గట్టిపిల్ల యని నమ్మించుట ఒక గృహిణికి ఎంత కష్టమో చెప్పవలెనా? క్రికెట్టుకైన అడుగకయే ఇత్తురు. గెలిచిన పిమ్మట దండలు వేయుటకు వచ్చినవారిలో, గెలువకముందు తలుపు తీసినవా రెందఱో ఆ తల్లికే తెలియవలెను.

2014లో ఫిలిప్పీన్సున జరిగిన ఆసియా పోటీలలో, 23 ఏండ్లలోపువారి విభాగమున, భవానికి రజతపతకము వచ్చినది. ఆ విభాగమున పతకము నందిన మొదటి భారతీయురాలు ఆమెయే. అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి జయలలితగారు అమెరికాలో శిక్షణకై మూడు లక్షల రూపాయలిచ్చిరి. 2015లో క్రికెట్టు ఆటగాడు రాహుల్ ద్రావిడ్ పేర నడచు నొక క్రీడాసహాయ పథకమున ఆమెను జేర్చుకొనిరి. అప్పటికి ఆమె చేత కత్తి పట్టి పదునొకండేండ్లు కావచ్చినది. డబ్బు లేక ఆట విడిచిపెట్టుదునా యని ఆమె తలచిన దినములును ఆ నడుమ గలవు. విడువవలదని నిలిపినది తల్లియే.

రెండవ ప్రక్కన ఎమురా మిసాకి జీవితమును చూడుడు. ఆమె 1998లో జపానులోని ఓయితా సీమలో బుట్టినది. తండ్రి ఎమురా కోజి 1988 సియోలు ఒలింపిక్సులో జపాను తరఫున కత్తిపట్టినవాడు, తరువాత శిక్షకుడు, తల్లియు ఖడ్గక్రీడాకారిణియే. మన వైణికుల యిండ్లలో పిల్లలకు సరిగమ లెట్లు వచ్చునో ఆ యింట ఈ విద్య యట్లు వచ్చినది. మొదట ఫాయిలు నేర్చి, పిమ్మట సేబరునకు మాఱెను. జపానులో స్త్రీకి ఆయుధము పరాయిది కాదు. నగినాత యను పొడవుపిడి గల వంపుకత్తిని సామురాయి కుటుంబపు స్త్రీలు పూర్వము నేర్చెడివారు. 20వ శతాబ్దపు తొలిభాగమున బాలికల పాఠశాలలలో నది వ్యాయామముగా నేర్పబడినది. ఆయినను పడమటి ఖడ్గక్రీడలో జపాను ముందునకు వచ్చినది ఇటీవలనే. 2008 బీజింగు క్రీడలలో ఓతా యూకీ అను యువకుడు రజతము గెలుచువఱకు ఆ దేశమునకు ఈ క్రీడలో ఒలింపిక్సు పతకమే లేదు. ఆ పిమ్మట వారు రాజధానిలో శిక్షణాలయము, విదేశీ శిక్షకులు, క్రమమైన ధనము, అన్నియు సమకూర్చుకొనిరి. 2024 పారిసులో ఒక్క ఈ క్రీడలోనే ఐదు పతకము లందుకొనిరి.

ఎమురా పరిశ్రమను తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. తలిదండ్రులు ఖడ్గవిద్యాపరులైనంత మాత్రమున ఎవరును ప్రపంచవిజేతలు కారు. కాని ఒకరికి ఇల్లే పాఠశాల, దేశమే కోశాగారము. రెండవవారికి వెదురుకఱ్ఱయు, తల్లి తాకట్టుచీటియు. వీరిరువురును 14 మీటర్ల బాటపై సమానమైన దూరమున నిలువబడినపుడు ఆ గీత యెంత న్యాయమైనదో, ఎంత న్యాయము లేనిదో రెండును కనబడును.

2016 రియో క్రీడలకు భవానికి ప్రవేశము దొరకలేదు. ఆ కాలముననే ఆమె ఇటలీదేశమున లివోర్నో పట్టణమునకు బోయి నికోలా జానొట్టి యను గురువు నాశ్రయించెను. ఇటలీ ఈ విద్యకు పుట్టినిండ్లలో నొకటి. 2017 మేనెలలో ఐస్‌లాండు రాజధాని రేక్యవీకున జరిగిన పోటీలో ఆమె స్వర్ణము గెలిచెను. అంతర్జాతీయ ఖడ్గక్రీడలో భారతదేశమునకు దక్కిన మొదటి స్వర్ణ మదియే. మఱుసటి యేడు కాన్‌బెర్రా నగరమున కామన్వెల్తు దేశముల పోటీలో మఱియొక స్వర్ణము వచ్చినది. 2019లో తండ్రి గతించెను. అటుపై మహమ్మారి వ్యాపించి శిక్షణాలయములు మూతపడగా, చెన్నపట్టణమున ఇంటి మేడమీదనే తన సామానుసంచిని ప్రత్యర్థిగా నిలిపి అభ్యాసము సాగించెను. 2021 మార్చిలో బుడాపెస్టు పోటీల పిమ్మట, ప్రపంచపు వరుసలో తనకు గల స్థానమును బట్టి, ఆమెకు టోక్యో ఒలింపిక్సున ప్రవేశము లభించినది. స్త్రీపురుషు లిరువురిలోను భారతదేశమునుండి ఒలింపిక్సు ఖడ్గక్రీడలో అడుగిడిన మొదటివ్యక్తి యామె.

2021 జులై 26వ తేదీన ఆమె మొదటి పోటీ ట్యునీషియా దేశపు నాదియా బెన్ అజీజితో జరిగెను. విశ్రాంతివేళకు లెక్క 8–0, తుదకు 15–3. ఒక్క ఆఱు నిమిషములలో ముగిసినది. తరువాతి పోటీ ఫ్రాన్సుదేశపు మనోన్ బ్రూనేతో. ఆమె అప్పటికి ప్రపంచమున మూడవ స్థానమున నున్నది. ఆ క్రీడలలో కాంస్యపతకము గెలిచినదియు నామెయే. భవాని 7–15తో నోడిపోయినది.

ఓడిన పిమ్మట ఆమె దేశప్రజలను క్షమింపుమని వేడుచు బహిరంగముగా వ్రాసినది. ఆమె ప్రయత్నమునకు దేశము గర్వించుచున్నదని ప్రధానమంత్రి మోదీగారు బదులు వ్రాసిరి. అది యుచితమే. కాని ఆ క్షమాపణము నా మనస్సున నేటికి గ్రుచ్చుకొనియున్నది. ఏమి తప్పు చేసినదని క్షమాపణ? 125 సంవత్సరములలో ఈ దేశమునుండి ఒక్కరును నిలువని చోట నిలిచి, ఒక పోటీ గెలిచి, రెండవది ప్రపంచములో మూడవవారి చేతిలో నోడినది. వంట కొంచెము చవి తప్పినను, పిల్లవాడు పరీక్ష తప్పినను, మొదట తామే తప్పుచేసినట్లు తలవంచుట మన యాడువారికి ఉగ్గుబాలతో వచ్చిన యలవాటు. ఖడ్గధారిణికిని అది తప్పలేదు. అదే యేడు ఆమెకు అర్జున పురస్కారము లభించినది.

టోక్యో పిమ్మట ఆమె ఫ్రాన్సుదేశమునకు బోయి క్రిస్టియన్ బాయర్ అను గురువు వద్ద విద్య సాగించెను. 2022లో లండనున కామన్వెల్తు స్వర్ణమును మఱల నిలుపుకొనినది. ఇక ఊషీ పోటీల మాట.

2023 జూనులో ఊషీకి వెళ్లునాటికి ఆమె వయస్సు 29. ఈ క్రీడలో అది ముదిమి కాదు గాని, క్రొత్తవా రందఱును తనకన్న చిన్నవారగు వయస్సు. మొదట కజకుస్తాను క్రీడాకారిణి దోస్పాయ్ కరీనాను 15–13తో దాటెను. పదాఱుగురు మిగిలిన దశలో జపాను వనిత ఓజాకి సేరి ఎదురైనది. పోటీలో ఆమెకు మూడవ యెన్నిక స్థానము. 15–11తో ఆమెయు నోడెను. వెంటనే ఎనిమిదిమంది దశలో మఱియొక జపాను వనిత, ప్రపంచవిజేతయగు ఎమురా. ఇంతకుముందెన్నడును గెలువని ప్రత్యర్థి యెదుట నిలుచుట యెట్టిదో ఆటగాండ్రకే తెలియును. సేబరులో ఒకసారి వెనుకంజ వేసినచో మఱల ముందునకు వచ్చుటకు వేళ యుండదు. ప్రతిదెబ్బయు రెండు మూడు క్షణముల పని. అచ్చట భయపడినవారి పాదము ఒక్క వ్రేలి వెడల్పున ఆలస్యమగును. ఆ వ్రేలి వెడల్పే చాలును. ఆ దినమున భవాని పాదము ఆలస్యము కాలేదు. 15–10.

ఆ విజయముతో పతకము నిశ్చయమైనది. ఆసియా పోటీల ఖడ్గక్రీడలో భారతదేశమునకు అది మొదటి పతకము. నలుగురు మిగిలిన దశలో ఉజ్బెకిస్తాను యువతి జైనాబ్ దాయిబెకోవా ఆమెను 15–14తో నోడించెను. ఒక్క దెబ్బ! పందొమ్మిదేండ్ల శ్రమకు ఫైనలునకు నడుమ ఒక్క దీపము వెలుగవలసియుండెను. కాంస్యముతో తిరిగివచ్చినది. ఓడిన ఎమురాకు ఆ యోటమి అడ్డుకాలేదు. మఱుసటి నెలలోనే ఇటలీలోని మిలాను నగరమున ఆమె రెండవసారి ప్రపంచవిజేత యయ్యెను. భవాని గెలిచినది ఎట్టిదానిపైనో దీనిచేత తెలియగలదు.

ఆ పిమ్మటి కాలము భవానికి అంత యనుకూలముగా లేదు. అదే సెప్టెంబరున హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో తొలిదశ పోటీ లన్నియు గెలిచియు, ఎనిమిదిమంది దశలో చైనా క్రీడాకారిణి షావో యాచీ చేతిలో 7–15తో నోడెను. మఱియొక్క పోటీ గెలిచిన పతకము చేతికందియుండును. 2024 పారిసు ఒలింపిక్సున ఆమెకు ప్రవేశము లభింపలేదు. ఎమురా ఆ క్రీడలలో జపాను పతాకధారిణిగా నడచెను. వ్యక్తిగత పోటీలో నిరాశపడియు, జట్టుపోటీలో ఫ్రాన్సువారిని వారి రాజధానిలోనే యోడించి సఖులతో గూడ కాంస్యము నందుకొనెను. భారతదేశమునకు పారిసులో జట్టు లేదు. ఖడ్గక్రీడలో ఒంటరిగా ఎదిగినవారి కష్టమిది; తాము తప్పిపోయిన దినమున తమ స్థానమున నిలుచువారుండరు. అభ్యాసమునకైనను తనకు సమానురాలగు తోడు స్వదేశమున దొరకక, ఏండ్లతరబడి పరదేశపు శిక్షణాలయములలో వసింపవలసివచ్చుట దీనికి కారణము గాను, ఫలితము గాను గూడ నున్నది.

మా జహీరాబాదు వంటి పట్టణమున ఏ పిల్లయైన ఈ కథ చదివి నేనును నేర్చెదనన్నచో ఇంటివారేమి చేయవలెను? ఈ ప్రశ్న నన్ను కొందఱు సోదరీమణు లడిగిరి. పిల్ల మాటను నవ్వి త్రోసివేయవలదని మాత్రము నేననుదును. స్త్రీలకు రాదనుకొన్న పనులు మా ప్రాంతమున స్త్రీలు చేసి చూపకపోలేదు. జహీరాబాదు చెంత మాచునూరు గ్రామమున 2008లో రేడియోకేంద్రమును ప్రారంభించి, యంత్రములు త్రిప్పి, తమ భాషలో కార్యక్రమములు వినిపించినవారు చెఱకు, జొన్న చేలలో పనిచేసిన దళిత స్త్రీలే. ఒకప్పుడు మైకు వారి చేతికి ఎంత దూరమో, సేబరు నేడు మన పిల్లల చేతికి అంతే దూరము.

అయితే కన్నులు తెఱచి దిగవలెను. హైదరాబాదు ఇచ్చటికి సుమారు 100 కిలోమీటర్లు. ప్రతిదినము పోయివచ్చుట సాధ్యము కాదు. హాస్టలో, బంధువుల యిల్లో చూచుకొనవలెను. తండ్రి యొప్పుకొనినను, ఆ యింటి కోడలితో గూడ ముందుగా మాటలాడుట మంచిది. వేకువజామున లేచి తలుపు తీయవలసినది ఆమెయే గదా. పదియేండ్ల ప్రాయము ప్రారంభమునకు అనుకూలము. మొదటి సంవత్సరము కత్తి యవసరము లేదు. ముందునకు, వెనుకకు అడుగులు వేయుట, మోకాలు వంచి నిలుచుట, చటుక్కున కాలు చాచుట, ఇవి నేర్చుటకు పెరడును వెదురుకఱ్ఱయు చాలును. తలకు జాలకవచము మాత్రము ముందే కావలెను; కఱ్ఱయైనను కంటికి కత్తివంటిదే. ఎదుగు పిల్లలకు కోటును, జోళ్లను పాతవి అడిగి తెచ్చుకొనుట మేలు. ఆఱునెలలకు అవి చిన్నవగును. మొదటి దినమున కొనదగిన దొక్క చేతితొడుగు. అదియైనను పిల్ల ఏ చేతితో అన్నము తినునో చూచి కొనరాదు. ఏ చేతితో రాయి విసరి మామిడికాయ రాల్చునో చూడవలెను. ఎడమచేతివాటము గల ఆడుపిల్లను మన యిండ్లలో చేతిపై కొట్టి మాన్పింతురు. ఖడ్గక్రీడలో మాత్రము ఎడమచేతివారన్న ప్రత్యర్థులకు బెదురు. అట్టి పిల్ల యింట నున్నచో ఎడమచేతి తొడుగే కొనుడు.